పాత బొమ్మకథల పుస్తకములును, వానిని కూర్చువారును

మన యిండ్లకు ఏటికొకటి రెండు మాఱులు పాత కాగితములు కొనువాడు వచ్చును. వాని త్రాసులో నొక తట్టయందు ఇనుప గుండు, రెండవ తట్టయందు వార్తాపత్రికల కట్ట. ఆ కట్ట తూకము సరిపడనిచో పిల్లల బొమ్మల పుస్తకములు నాలుగు దానిపై పడును. వచ్చిన చిల్లరతో వేరుసెనగ యుండలు దొరకును గనుక పిల్లలును అడ్డు చెప్పరు. ఆ తూకములో పోయినది యేమో తెలిసికొనుటకు వారికి ముప్పది నలువది యేండ్లు పట్టును. నాకును అంతే పట్టినది.

అమెరికా దేశమున ఇట్లు పోగా మిగిలిన పుస్తకములను వెదకి, కూర్చి, పదిలపఱచి, వానిలోని చిన్న చిన్న విశేషములను ఒండొరులకు తెలుపుకొను అభిమానులు పెక్కుమంది కలరు. వారు కూర్చునది కామిక్సు అనబడు పుస్తకములను. బొమ్మలను గళ్లలో వరుసగా నిలిపి, పాత్రల మాటలను నోటిప్రక్క గీసిన బుడగలలో వ్రాసి, కథ నడపు పుస్తకమునకు ఆ పేరు. పెద్దలు దీనిని పిల్లల వెఱ్ఱి యందురు. అందు వెఱ్ఱి కొంత లేకపోలేదు. అయినను ఆ వెఱ్ఱివలన జరిగిన మేలొకటి కలదు. దానిని చెప్పుటకే యీ వ్యాసము.

ముందుగా పుస్తకమును చూతము. 1938 జూను మాసపు సంచికగా వెలువడిన "యాక్షన్ కామిక్స్" మొదటి సంఖ్య వెల పది సెంట్లు, పుటలు 64. "సూపర్‌మాన్" అను మహాబలుడు లోకమునకు మొదట కనబడినది అందే. జెర్రీ సీగెల్ కథ వ్రాసెను, జో షుస్టర్ బొమ్మలు గీసెను. ఇద్దఱును ఇరువది మూడేండ్ల యువకులు. పదుమూడు పుటల ఆ కథకు, దానిపై సర్వహక్కులకును కలిపి వారికి ముట్టినది 130 డాలర్లు. ఆ సంచిక సుమారు 2,00,000 ప్రతులు అచ్చయ్యెననియు, నేడు నూటికి అటునిటుగా మాత్రమే మిగిలియున్నవనియు తెలిసినవారి అంచనా. 2024లో అందొక ప్రతి వేలమున 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను.

అంతటి అరుదు ఎట్లు కలిగెను? చవుకగా నుండుటయే మొదటి కారణము. కొయ్యగుజ్జుతో చేసిన చవుక కాగితమునందు లిగ్నిన్ అను పదార్థ ముండును; వెలుతురు, గాలి సోకినకొలది అది కాగితమును పసుపుపఱచి, పెళుసు చేసి, తుదకు అప్పడమువలె విఱుగజేయును. వెన్నున వేసిన రెండు తీగకుట్లు తుప్పుపట్టి చుట్టునున్న కాగితమును తినివేయును. ఇది కాలము చేసిన పని. మనుష్యులు చేసినది వేఱు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున యుద్ధావసరములకై చిత్తుకాగితము కూర్చుడని ప్రభుత్వము కోరగా, పిల్లలు తమ పుస్తకములను తామే మోసికొనిపోయి యిచ్చివేసిరి. యుద్ధము ముగిసిన పిమ్మట పెద్దలకు మఱియొక భయము పట్టుకొనెను. ఈ పుస్తకములు చదివినచో బాలురు దొంగలగుదురని కొందఱు తలంచిరి. 1948లో వెస్టు వర్జీనియా రాష్ట్రమునందలి స్పెన్సర్ అను పట్టణమున బడిపిల్లలు ఇంటింటికి తిరిగి సుమారు 2,000 పుస్తకములు కూర్చి, బడి ఆవరణమున కుప్పవోసి తగులబెట్టిరి. 1954లో ఫ్రెడరిక్ వెర్థామ్ అను మానసిక వైద్యుడు ఈ పుస్తకములను ఖండించుచు ఒక గ్రంథము ప్రకటించెను. ఆ సంవత్సరమే సెనేటు సభ్యులు విచారణ జరిపిరి. ప్రచురణకర్తలు భయపడి తమకు తామే కఠినమైన నియమావళి నొకదానిని విధించుకొనిరి.

తల్లిదండ్రుల భయము బొత్తిగా నిరాధారమని నేననను. ఆనాటి భీకర కథలలో కొన్ని పిల్లల చేతికి ఈయదగినవి కావు. కాని మంచిచెడ్డలు చూడక కుప్పవోసి కాల్చుటచే బాతుకథలు, జంతుకథలు, సాహసకథలు సయితము ఆ మంటలో బూడిదయ్యెను. తరువాతి కాలమున వెర్థామ్ గారి కాగితములు పరిశోధకులకు లభింపగా, ఆయన తన గ్రంథమున ఉదాహరించిన పిల్లల మాటలను పెక్కుచోట్ల మార్చి వ్రాసెనని తేలినది. అంతకంటె వింత యేమనగా, ఆ వైద్యుడే 1973లో అభిమానులు స్వయముగా అచ్చువేసికొను చిన్న పత్రికలను మెచ్చుకొనుచు వేఱొక గ్రంథము వ్రాసెను.

ఆ చిన్న పత్రికలే మన కథకు ముఖ్యము. 1960 ప్రాంతమున ఈ పుస్తకములను ప్రేమించువాడు తన ఊరిలో తానొక్కడే ననుకొనుచుండెను. ఇరుగుపొరుగువారు నవ్వుదురని దాచుకొని చదువుచుండెను. 1961లో జూలియస్ ష్వార్ట్జ్ అను సంపాదకుడు పాఠకుల లేఖలతో బాటు వారి పూర్తి చిరునామాలను గూడ అచ్చువేయ నారంభించెను. ఎంతో చిన్న మార్పు. కాని ఒక పాఠకుని పేరు, వీధి, ఊరు తెలిసినతోడనే మఱియొక పాఠకుడు వానికి నేరుగ ఉత్తరము వ్రాయగలిగెను. ఆ యేడే డెట్రాయిట్ నగరమున కళాశాలాధ్యాపకుడగు జెర్రీ బెయిల్స్ "ఆల్టర్ ఈగో" అను పత్రికను చేతియంత్రముపై ఊదారంగు సిరాతో తీసి టపాలో పంపెను. 1964లో న్యూయార్కునందు అభిమానులు ఒకచోట చేరి సభ జరుపుకొనిరి.

వారు వ్రాసికొన్న విషయములు మొదట పొడుపుకథలవలె నుండెను. సూపర్‌మాన్ మొదటి కథలో ఆకాశమున ఎగురునా? ఎగురడు, మైలులో ఎనిమిదవ వంతు దూరము దుముకును, అంతే. అతని బలము హరించు "క్రిప్టొనైట్" అను శిల మొదట ఏ సంచికలో వచ్చెను? సంచికలో కాదు, 1943లో రేడియో నాటకమున. పుస్తకములోనికి 1949లో గాని రాలేదు. ఇట్టి ప్రశ్నలకు జవాబు చెప్పవలెనన్న పాత సంచికలు చేతనుండవలెను. లేనివాడు ఉన్నవానికి వ్రాయవలెను. ఇట్లు ఒకని పెట్టెలోని పుస్తకము ఇంకొకని సందేహమును తీర్చుచుండెను.

క్రమముగా వారి ప్రశ్న మాఱెను. ఈ కథ ఎవరు వ్రాసిరి? ఈ బొమ్మ ఎవరిది? ఏలయన పెక్కు పుస్తకములలో పనివారి పేర్లే ఉండెడివి కావు.

డోనాల్డ్ డక్ అను బాతుకథలలో ప్రతిదానిపైనను ఉన్న పేరు వాల్ట్ డిస్నీ గారిది. కాని కనిపెట్టి చదువు పిల్లలకు ఒక సంగతి తోచెను: కొన్ని కథలలో బాతు కన్నుల చూపు వేఱు, కోపము వేఱు, హాస్యము వేఱు. ఎవరో తెలియని ఆ మహానుభావునికి వారు "మంచి బాతుల చిత్రకారుడు" అని పేరు పెట్టుకొనిరి. నీలాకాశమును, కొండలను, పాడుపడిన నగరములను ఆయన ఎంత శ్రద్ధతో గీసెననగా, "నేషనల్ జియోగ్రాఫిక్" పత్రికను ముందుంచుకొని చూచి గీసెడివాడట. ఒక కథలో బాతులు ఆండీస్ పర్వతములకు పోయి, నలుచదరపు గ్రుడ్లు పెట్టు కోళ్ల దేశమును కనుగొనును. మా యింటి పిల్లలకు ఈ కథ చెప్పగా, ఆ గ్రుడ్డు పెట్టునప్పుడు కోడి ఎంత బాధపడునో యని జాలిపడిరి!

1960లో కొందఱు పాఠకులు ప్రయత్నించి, ఆ చిత్రకారుని పేరు కార్ల్ బార్క్స్ అని కనుగొని ఆయనకు ఉత్తరములు వ్రాసిరి. అప్పటికి ఆయన వయస్సు 59 సంవత్సరములు. 1942 నుండియు ఆ పని చేయుచు, పిసినిగొట్టు ధనికుడగు అంకుల్ స్క్రూజ్‌ను 1947లో సృష్టించి, దేశదేశముల పిల్లలను నవ్వించినవాడు. అయినను ఆయనను పేరుతో నెఱిగిన పాఠకుడు అంతవఱకు ఇంచుమించు లేడు. మొదట వచ్చిన ఉత్తరమును చూచి, ఎవరో మిత్రుడు వేళాకోళము చేయుచున్నాడని ఆయన అనుమానించెనట. ఆ తరువాత ఆయన నలువది యేండ్లు జీవించి, 2000 సంవత్సరమున తన తొంబదితొమ్మిదవ యేట కన్నుమూసెను. ఆ నలువది యేండ్లును పేరు గల మనుష్యుడై బ్రదికెను.

బిల్ ఫింగర్‌కు అంత భాగ్యము కలుగలేదు. 1939లో వెలువడిన "బాట్‌మాన్" కథలపై బాబ్ కేన్ అను చిత్రకారుని పేరొక్కటే ఉండెడిది. వీరుని ముసుగు, వీపున వ్రేలాడు వస్త్రము, బూడిదవన్నె దుస్తులు ఫింగర్ సూచించినవి. మొదటి కథలు వ్రాసినవాడును అతడే. 1965లో ఫింగర్ అభిమానుల సభకు వచ్చి మాటలాడగా, జెర్రీ బెయిల్స్ ఆ సంగతులన్నియు వ్యాసముగా వ్రాసి టపాలో పంచెను. కేన్ కోపించి అది అబద్ధమని బహిరంగముగా లేఖ వ్రాసెను. చిట్టచివర 1989లో తన స్వీయచరిత్రయందు ఫింగర్ పాత్రను ఒప్పుకొనెను. ఫింగర్ 1974లోనే మరణించియుండెను. సృష్టికర్తలలో నొకనిగా అతని పేరు అధికారికముగా అచ్చుపడినది 2015లో. ఊదారంగు సిరాతో తీసిన ఆ కొలది కాగితములు లేకున్నచో అదియు జరిగెడిది కాదేమో.

అయితే అభిమానులు చెప్పినదెల్ల నమ్మదగదు. బార్క్స్ గారి 1949 నాటి కథ యొకదానిలో బాతులు మునిగిన పడవలోనికి టేబులు టెన్నిసు బంతులు దించి దానిని పైకి తేల్చును. 1964లో కువైటు రేవున వేలకొలది గొఱ్ఱెలతో మునిగిన ఓడను, కార్ల్ క్రోయర్ అను డెన్మార్కు దేశీయుడు లోపలికి తేలికైన ప్లాస్టికు ఉండలను పంపి నిజముగనే తేల్చెను. ఇంతవఱకు సత్యము. బాతుకథ ముందే వచ్చినందున ఆయనకు పేటెంటు నిరాకరింపబడెనని దానికి చేర్చి చెప్పుదురు. అట్టి కారణము చూపు అధికారపత్రమును ఎవరును చూపలేదు. పైగా ఇంగ్లండులోను జర్మనీలోను ఆయనకు పేటెంటు లభించినది. కథ ఎంత రుచిగా నుండునో దానిని అంత గట్టిగా పరీక్షింపవలెను.

ధరల సంగతి క్లుప్తముగా చెప్పెదను. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల పట్టిక నొకదానిని ప్రకటించినది మొదలు, పుస్తకపు మూల మడిగినను అట్ట వెలిసినను వెల తగ్గుట నియమమయ్యెను. 2000 నుండి పుస్తకమునకు పదింటికి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టికు పెట్టెలో మూసి ముద్రవేయు సంస్థలు వచ్చినవి. ఆ పెట్టెను పగులగొట్టనిదే పుట తిప్పుట సాధ్యము కాదు. పుస్తకమునకు అది కారాగారమని నా యభిప్రాయము. బార్క్స్‌ను కనుగొన్నవారు పుటలు తిప్పియే కనుగొనిరి గదా.

మన తెలుగునాటను ఇట్టి కథ కలదు. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి గారలు స్థాపించిన "చందమామ" పూర్తిగా బొమ్మకథల పుస్తకము కాదుగాని, బొమ్మలేని పుట దానియందు అరుదు. 1954లో "తోకచుక్క" ధారావాహికగా రాగా పిల్లలు వచ్చు నెల కొఱకు వేళ్లపై దినములు లెక్కించుకొనిరి. దాని తరువాత "మకరదేవత", "ముగ్గురు మాంత్రికులు" మొదలగునవి వచ్చెను. వానికి బొమ్మలు గీసినవారు "చిత్ర" అని ప్రతి బొమ్మపై సంతకముండెను. కథ వ్రాసినవారి పేరు లేదు. వ్రాసినవారు 1952లో ఆ కార్యాలయమున చేరిన దాసరి సుబ్రహ్మణ్యము గారని, ఆ కథలు చదివి పెరిగినవారిలో పెక్కుమందికి తల నెరసిన తరువాతగాని తెలియలేదు. పాత సంచికలు దాచుకొన్నవారు ఒకరికొకరు చెప్పుకొనుటచే ఆ పేరు వ్యాపించెను. 2010లో వారు స్వర్గస్థులైరి.

మా తండ్రిగారు పండ్రెండు చందమామలను ఒక్క సంపుటముగా కుట్టించిరి. తూకమునకు పోక మిగిలినది అదియొక్కటే. బైండు చేసినవాడు పుస్తకము చక్కగా కనబడవలెనని అంచులన్నియు కత్తిరించి, పండ్రెండు రంగుల అట్టలను తీసివేసెను. వడ్డాది పాపయ్య గారు గీసిన అట్టలవి. పాత పుస్తకములను కుట్టింప బూనువారు అట్టలు తీయవద్దని, అంచులు కోయవద్దని ముందుగనే గట్టిగా చెప్పవలెను. మా సంపుటమునందు కోసిన అంచుతోబాటు రెండుచోట్ల బొమ్మ క్రింది "చిత్ర" అను సంతకమును సగము తెగిపోయినది.