మనవాళ్ళకి ఇంగ్లీషు చదవడం ఎందుకు రావడంలేదు?

ఎం.ఏ. రెండో సంవత్సరంలో ఉండగా ఊరెళ్తే పెదనాన్న ఒక కాయితం తెచ్చి చేతిలో పెట్టాడు. మావాళ్ళ మీద జరిగిన దాడి కేసులో కోర్టు నుంచొచ్చిన నోటీసు. వాడలో నలుగురూ చుట్టూ చేరారు. ఒక్క మాట తప్పు పోకుండా గడగడా చదివేశాను. "బాగా చదివావురా. ఇంతకీ ఏం రాశారు అందులో?" అన్నాడు పెదనాన్న. నాకు చెప్పడం రాలేదు. ముద్దాయిలు బెయిలు అడిగారని, మీరు చెప్పుకునేదుంటే ఫలానా తారీఖున వచ్చి చెప్పుకోమని దాని సారాంశం. లాయరు గుమాస్తా చెప్తేగానీ ఆ సంగతి తెలియలేదు. అప్పటికి తారీఖు దాటిపోయింది.

పదహారేళ్ళు బళ్ళోనూ కాలేజీలోనూ కూర్చున్న నాకు నోటితో పలకడం వచ్చింది, చదవడం రాలేదు. ఈ రెండూ ఒకటే అనుకుంటాం. మన బళ్ళలో ఇంగ్లీషు పీరియడ్ ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. సారు ఒక లైను చదువుతాడు, తెలుగులో అర్థం చెప్తాడు, ప్రశ్నలకి జవాబులు బోర్డు మీద రాస్తాడు. మనం బట్టీ పెడతాం. పాఠంలో లేని పేరా ఒక్కటి సొంతంగా చదివి అర్థం చేసుకునే అవసరం పదో తరగతి దాటినా రాదు. పైకులాల పిల్లలు మాత్రం బళ్ళో నేర్చుకున్నారా? వాళ్ళకి ఇంట్లో పేపరుంది, తండ్రి తెచ్చిన ఆఫీసు కాయితాలున్నాయి, అడిగితే చెప్పే అక్కలున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వ బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామని జీవో వచ్చింది, 2020లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి మొదలుపెట్టారు. మనవాళ్ళు ఇంగ్లీషు మీడియం కావాలనడం న్యాయమే. తమ పిల్లల్ని కాన్వెంట్లకి పంపుకుంటూ మనకి మాతృభాష గొప్పతనం చెప్పేవాళ్ళతో నాకు పేచీయే. కానీ మీడియం మారినంత మాత్రాన చదవడం వచ్చేయదు. బట్టీ పట్టే గైడు తెలుగులోంచి ఇంగ్లీషులోకి మారుతుంది, అంతే.

మైకేల్ వెస్ట్ అనే ఆయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉంటూ 1926లో బెంగాల్ పిల్లల చదువు మీద ఒక పుస్తకం రాశాడు. ఎక్కువమంది మధ్యలోనే బడి మానేస్తారు, కాబట్టి వాళ్ళకి మిగిలేది, పనికొచ్చేది చదవడమే, ముందు అది నేర్పండి అన్నాడు. కొత్తమాటలు ఒకేసారి కుప్పపోయకుండా కొద్దికొద్దిగా వచ్చేలా వాచకాలు తయారుచేశాడు. ఆయన లెక్కలో మన వాడల పిల్లలున్నారో లేదో వేరే సంగతి, పద్ధతి మాత్రం మనకి పనికొస్తుంది. నూటికి 98 మాటలు ముందే తెలిసుంటేనే ఎవరి సాయమూ లేకుండా పుస్తకం సాఫీగా అర్థమవుతుందని 2000లో హూ, నేషన్ అనే పరిశోధకులు తేల్చారు. మనం ఏం చేస్తాం? నూటికి ఇరవై మాటలు తెలియని పుస్తకం ముందేసుకుని డిక్షనరీతో కుస్తీ పడతాం. పేరా చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాం. పీజీ విద్యార్థి చేతిలో పిల్లల కథల పుస్తకం కనబడితే పక్కవాడు నవ్వుతాడని భయం. నవ్వనీయండి. ఫిజీ దీవుల్లో 1980 ప్రాంతంలో పల్లెటూరి బళ్ళలో తరగతికి 250 దాకా ఇంగ్లీషు కథల పుస్తకాలిచ్చి పిల్లల్ని చదువుకోనిచ్చారు. ఏడాది తిరక్కుండానే వాళ్ళు మామూలు పద్ధతిలో చదివిన పిల్లల్ని దాటిపోయారు.

మాటలు తెలిసినా వాక్యం దగ్గర దెబ్బతింటాం. నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. తెలుగులో "స్టేషనుకొచ్చిన బండివాడు ఒప్పుకోలేదు" అంటాం. ఎవడో చెప్పే ముక్క మనిషికి ముందొస్తుంది. ఇంగ్లీషులో "ద కార్ట్‌మ్యాన్ హూ కేమ్ టు ద స్టేషన్ రిఫ్యూజ్డ్" అంటారు. ఆ ముక్క మనిషి తర్వాతొస్తుంది. మన కన్ను 'కేమ్ టు ద స్టేషన్' దగ్గర వాక్యం అయిపోయిందనుకుంటుంది. అసలు పనిచెప్పే మాట 'రిఫ్యూజ్డ్' ఎక్కడిదో అర్థం కాక వేలాడుతుంది. 'హూ', 'విచ్', 'దట్' కనబడ్డ చోట పెన్సిల్‌తో బ్రాకెట్ మొదలుపెట్టి, ఆ ముక్క అయిపోయినచోట మూసేయాలి. బ్రాకెట్ తీసేసి మిగిలింది చదివితే ఎవరు ఏం చేశారో తేలిపోతుంది. ఇంకో చిక్కు, చేసినవాణ్ణి మాయం చేసే వాక్యాలు. 'వర్ డినైడ్ వాటర్' అని రాస్తారు. నీళ్ళు ఎవరు ఇవ్వలేదు? పేపర్లలోనూ రిపోర్టుల్లోనూ ఇలాంటివి కోకొల్లలు. కనబడగానే పక్కన 'ఎవరు?' అని రాసుకోవాలి. ఒక్కోసారి జవాబు ఆ పేజీలో ఎక్కడా ఉండదు.

చట్టం ఇంకో రకం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్ మొదటి భాగం మొత్తం ఒకటే వాక్యం. షెడ్యూల్డు కులాలవాళ్ళు, తెగలవాళ్ళు కాని వాళ్ళెవరైనా అని మొదలవుతుంది, తర్వాత నేరాల జాబితా. 2016లో అమల్లోకొచ్చిన సవరణతో అది ఏ నుంచి జెడ్ దాటి జెడ్‌సి దాకా పెరిగింది. ఆరునెలలకి తగ్గకుండా అయిదేళ్ళ దాకా శిక్ష, జరిమానా అనే అసలు సంగతి అన్నీ అయ్యాక చివర్లో ఉంటుంది. పైనుంచి వరసగా చదివితే ఊపిరాడదు. మొదలు, చివర కలిపి ముందు చదవాలి. తర్వాత జాబితాలో మనకి కావలసిన ఒక్క నేరాన్ని మధ్యలో పెట్టుకోవాలి.

మా హాస్టల్ గదిలో అయిదుగురం అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'తో మొదలుపెట్టాం. చిన్న పుస్తకం, పొట్టి వాక్యాలు. 1901లో చిన్నపిల్లాడు అంబేడ్కర్ మసూర్ స్టేషన్లో దిగితే, మహర్లని తెలిసి బండివాళ్ళెవరూ ఎక్కించుకోరు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నా, బండి పిల్లలే తోలుకోవాలి, వాడు పక్కన నడుస్తాడు. ఇక్కడ తెలియని మాటొస్తే డిక్షనరీ అక్కర్లేదు. జరిగేది మనకి తెలిసిందే కాబట్టి ఊహ తప్పు పోదు. ఇంగ్లీషు తెలుసుగానీ ఆ బాధ తెలియనివాడి కంటే ఈ పుస్తకం దగ్గర మనదే పైచేయి. పైకి చదవకూడదని మా నియమం. ఒక పేజీ మౌనంగా చదవాలి, పుస్తకం మూసేయాలి, ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే మళ్ళీ తెరవాలి.

ఇప్పుడు అదే చట్టంలో 15ఎ సెక్షన్ చదువుతున్నాం. బెయిలు విచారణతో సహా కోర్టులో జరిగేదంతా బాధితులకి వేళకి తెలియజేయాలని, వాళ్ళ మాట వినాలని ఉంది అందులో. ఒక్కో ఉపవిభాగం ఒక్కో రోజు. పెదనాన్నకి ఫోన్లో తెలుగులో చెప్తున్నాను. ఆయన అడిగేవాటికి రెండోసారి చూడందే జవాబు దొరకడంలేదు.