ఇంటి కప్పు మీద సోలార్: పెట్టించే ముందు తెలుసుకోవలసినవి

ఈ మధ్య గ్రామాలకు వెళితే రైతులు తెగుళ్లతో పాటు మరో మాట అడుగుతున్నారు: "సార్, మిద్దె మీద సోలార్ పెట్టించుకోవచ్చా?" ఇప్పటికే పెట్టించిన ఒక రైతు, పట్టపగలు కరెంటు పోతే ఫ్యాను కూడా తిరగలేదని, తాను మోసపోయానని నా దగ్గర బాధపడ్డారు. అది మోసం కాదు. ఆ పద్ధతే అంత. ముందుగా ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కరెంటు ఎలా తయారవుతుంది?

ప్యానెల్‌లోని సిలికాన్ బిళ్లలపై వెలుతురు పడితే డీసీ కరెంటు పుడుతుంది. ఇన్వర్టర్ దానిని మన ఇంట్లో వాడే ఏసీగా మారుస్తుంది. కరెంటు పుట్టేది వెలుతురుతోనే, వేడితో కాదు. ప్యానెల్ బాగా వేడెక్కితే ఉత్పత్తి కొంత తగ్గుతుంది కూడా. అందుకే కప్పుకు, ప్యానెల్‌కు మధ్య గాలి ఆడాలి.

ఏ రకం?

ఆన్‌గ్రిడ్: బ్యాటరీ ఉండదు, ఖర్చు తక్కువ. మిగిలిన కరెంటు లైనుకు వెళ్తుంది, నెట్ మీటరు లెక్క కడుతుంది. లైనులో కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. లేకపోతే మరమ్మతు చేసే లైన్‌మన్ ప్రాణానికే ప్రమాదం.

ఆఫ్‌గ్రిడ్: బ్యాటరీ ఉంటుంది, లైనుతో పని లేదు. ఖర్చు ఎక్కువ. కొన్నేళ్లకు బ్యాటరీలు మార్చాలి.

హైబ్రిడ్: లైను, బ్యాటరీ రెండూ ఉంటాయి. కరెంటు పోయినా ముఖ్యమైన లైట్లు, ఫ్యాన్లు నడుస్తాయి.

ఎంత సామర్థ్యం కావాలి?

1 కిలోవాట్ ప్యానెళ్లు మంచి ఎండ ఉన్న రోజు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. నెలకు 120 యూనిట్లు అనుకోవచ్చు. దీనికి నీడ పడని స్థలం సుమారు 100 చదరపు అడుగులు కావాలి. పాడి ఉన్నవారు గడ్డి కోసే యంత్రాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. 2 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుంది. ఇలాంటి పనులు పగలే చేసుకుంటే మేలు.

జాగ్రత్తలు

- ప్యానెళ్లు దక్షిణం వైపు కొద్దిగా వాలి ఉండాలి.
- కొబ్బరి చెట్టు, నీళ్ల ట్యాంకు నీడ పడకూడదు. పిల్లకాలువకు ఒకచోట మట్టి అడ్డుపడితే కింది మడులకు నీరు తగ్గినట్టే, ఒక ప్యానెల్‌పై నీడ పడినా మిగతావాటి ఉత్పత్తి తగ్గవచ్చు.
- దుమ్మును ఉదయం గానీ సాయంత్రం గానీ మామూలు నీటితో కడగాలి. మండే ఎండలో చన్నీళ్లు పోయరాదు.
- ఎర్తింగ్, పిడుగు రక్షణ తప్పనిసరి.

రాయితీ

పీఎం సూర్య ఘర్ పథకం 2024లో మొదలైంది. దీని కింద ఇళ్లకు 1 కిలోవాట్‌కు రూ.30,000, 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లు ఆపైన రూ.78,000 కేంద్ర రాయితీ ఉంది. పథకం పోర్టల్‌లో నమోదైన సంస్థ ద్వారానే పెట్టించుకోవాలి. నెట్ మీటరు బిగించి, తనిఖీ పూర్తయ్యాకే సొమ్ము మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. దుకాణాలు, పిండి మరలకు ఈ రాయితీ వర్తించదు.

గత ఆరు నెలల కరెంటు బిల్లులు ముందు పెట్టుకుని, సగటు చూసి సామర్థ్యం నిర్ణయించుకోండి. కరెంటు పోయినప్పుడు ఇది పనిచేస్తుందా లేదా అన్నది సంతకం పెట్టే ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి.