పన్నెండు మూరల వాలు

కర్నూలు నుండి సికింద్రాబాదునకు పోవు రైలుమార్గమున, అలంపురపు సీమలో నున్న మానవపాడునందు గాని, దాని చుట్టుపట్ల పల్లెలలో గాని, బల్లచెక్క నొకదానిని లారీకి ఆనించి నూనెపీపాను దొర్లించుచు పైకెక్కించు హమాలీ మానవజాతి కనిపెట్టిన అతిప్రాచీన యంత్రములలో నొకదానిని వాడుచున్నాడు. వాలుతలమునకు పళ్లచక్రములు లేవు, మరలు లేవు. తాను కదలకయే పరుల పని సులువు చేయుట దాని స్వభావము.

ఆ సులువునకు గల కారణమును అత్యంత రమణీయముగ నిరూపించినవాడు ఫ్లెమిష్ గణితవేత్త సైమన్ స్టెవిన్. 1586లో ఆయన, ఒకవైపు వాలు నిడుపుగను మఱియొకవైపు కుఱుచగను ఉన్న త్రికోణపు దిమ్మెమీద పదునాలుగు గుండ్ల గొలుసును వేసినట్లు ఊహించి, ఆ గొలుసు తనంత తాను నిరంతరము తిరుగుచుండుట అసంభవము గావున ఇరువైపుల లాగుడును సమానమే కావలెననియు, అందుచే ఎత్తునకు పన్నెండు రెట్లు నిడివిగల వాలుమీద బరువును నిలుపుటకు దానిలో పన్నెండవ వంతు బలమే చాలుననియు తేల్చెను. ఒక్క తూకమైనను వేయక కేవలము ఆలోచనచే సాధించిన ఇట్టి సిద్ధాంతములు భౌతికశాస్త్రమున మిక్కిలి అరుదని నా తలంపు.

బరువుల నెక్కించుటకు పుట్టిన ఈ సాధనము, చలనమును మెల్లగించి చూపు సాధనముగ గెలీలియో చేతిలో మాఱెను. పైనుండి విడిచిన రాయి కన్ను మూసి తెఱచునంతలో నేలనంటును. దాని వేగమెట్లు పెరుగుచున్నదో కొలుచుటకు ఆనాడు తగిన గడియారము లేదు. 1638లో లైడెన్ నగరమున అచ్చైన గ్రంథమునందు ఆయన వర్ణించిన పరికరము అతిసామాన్యమైనది: పన్నెండు మూరల కొయ్యదూలము, దానిలో వ్రేలి వెడల్పునకు కొంచె మెక్కువగా తొలిచి, నునుపుచేసి, తోలుకాగిత మతికించిన గాడి, అందు దొర్లుటకు గట్టి కంచుగుండు. దూలపు కొనను మూరయో రెండు మూరలో పైకెత్తి, గుండును విడిచి, అది దిగువకు చేరులోపల పెద్దతొట్టి అడుగునుండి సన్నని ధారగా కారిన నీటిని పట్టి తూచి, ఆ తూకముల నిష్పత్తినే కాలముల నిష్పత్తిగ గ్రహించెను. నూఱేసిమార్లు చేసి చూచినను ఫలిత మొక్కటియే: కాలము రెట్టింపైన దూరము నాలుగు రెట్లు, మూడు రెట్లైన తొమ్మిది రెట్లు. ఇంతటి మోటు పరికరములతో అంత నిర్దుష్టత రాదని ఇరువదవ శతాబ్దపు చరిత్రకారులు కొందఱు శంకించిరి. 1961లో థామస్ సెటిల్ అట్టి వాలును, నీటిపాత్రను అమర్చి చూడగా గెలీలియో మాట నిలిచెను.

ఇక మన బడుల సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలలోనికి ఆటంకములేని దారి యుండవలెనని విధించినది. అందులకై వరండా ప్రక్కన కట్టు సిమెంటు ర్యాంపు అడుగు ఎత్తునకు పన్నెండడుగుల నిడివికి తగ్గరాదనునది సామాన్యప్రమాణము. పన్నెండు మూరలకు మూర యెత్తిన గెలీలియో దూలపు వాలును ఇంచుమించుగ ఇదియే! చక్రాలకుర్చీకి తగినంత మెల్లని వాలు పసివారి కంటికిని తగినంత మెల్లనిదగుట ఎంతయు అదృష్టము.

దీనిని ఉపాధ్యాయులు వినియోగింపవలెనని నాకు గట్టి కోరిక. సిమెంటు గరుకుగ నుండును గావున, నిలువునా చీల్చిన ప్లాస్టిక్ గొట్టమును దానిపై పఱచి గోలీని విడిచినచో, అది మొదటి సెకనులో సుమారు 29 సెంటీమీటర్లు మాత్రమే దొర్లును; రెండవ సెకను ముగియునప్పటికి 1 మీటరు 16 సెంటీమీటర్లు, మూడవది ముగియునప్పటికి 2 మీటర్ల 61 సెంటీమీటర్లు పోవును. అయిదాఱేండ్ల పిల్లలకు ఈ అంకెలతో పనిలేదు. పైకొన నుండి ఒక జాన, నాలుగు జానలు, తొమ్మిది జానలు, పదునాఱు జానల దూరములలో సుద్దగీతలు గీచి, గోలీ గీతను దాటినప్పుడెల్ల చప్పట్లు కొట్టుడన్న చాలును; గీతల నడుమ ఎడము పెరుగుచుండగా చప్పట్ల నడుమ ఎడము మాత్రము మాఱకుండుటను వారు చెవులతోనే పట్టుకొందురు. ఫ్లారెన్సులోని గెలీలియో మ్యూజియమునందు, పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో చేసిన వాలుదూలమునకు చిన్నగంటలు కట్టి ఈ లయనే వినిపింపజేసిరి.

పిదప పెద్దగోలీని, చిన్నగోలీని ఒక్కమారే విడువవచ్చును. పెద్దది ముందు చేరునని పందెము కాయువారే ఎక్కువ. రెండును కలిసియే చేరును. చదునైన పలకమీద గోలీ సరసన గాజును నిలిపి విడిచినచో గాజు వెనుకబడును. బరువంతయు అంచుననే యుండుటచే, అది దిగుచు పొందిన శక్తిలో సగము తిరుగుటకే వ్యయమగును. గోలీ విషయమున ఏడింట రెండు వంతులే. ఈ కారణమును పసివారికి చెప్ప తొందరపడరాదు. పెద్దగాజు, చిన్నగాజు, ఖాళీడబ్బా, మట్టి కూరిన డబ్బా అని వారే వెదకి తెచ్చి పోటీలు పెట్టుకొనుటకు ఎడమిచ్చుటయే ఆ వయసున పాఠము.

అయితే ర్యాంపు మొట్టమొదట నడువలేని బిడ్డలది. ఈ ఆట వారి దారికి అడ్డు కారాదు. చేతులతో చక్రములను త్రిప్పుకొని వరండా మీదికి వచ్చు బాలికకు, స్టెవిన్ గొలుసు చెప్పిన సంగతి భుజములకు నిత్యానుభవము. వాలు నిటారగుకొలది ఎంత బలము హెచ్చుగ కావలెనో తరగతిలో ముందుగా ఆమెనే అడుగవలెను.