జపాను చక్రవర్తుల శకనామములు

మన పెద్దలు ప్రభవ విభవాదులగు అరువది పేరులతో సంవత్సరములను లెక్కించుట చదువరు లెరిగినదే. చీనా జపాను దేశములందును పూర్వ మిట్టి అరువదేండ్ల చక్ర మొకటి వాడుకలో నుండెను. ఇందొక చిక్కు కలదు. అరువదేండ్ల కొకమారు అదే పేరు మరల వచ్చును గావున, తాత పుట్టిన యేడో మనుమడు పుట్టిన యేడో పేరును బట్టి తెలియదు. ఈ చక్రమునకు దోడుగా జపానువారు స్వీకరించిన మరియొక లెక్కయే శకనామము. దానిని వారు 'నెంగో' అందురు.

ఈ యాచారము చీనాలో పుట్టినది. హాన్ వంశజుడగు వూ చక్రవర్తి పాలన యారంభమైన క్రీ.పూ. 140వ సంవత్సరమునుండి యచ్చటి శకనామములు లెక్కింపబడుచున్నవి. కాలమునకు పేరిడు నధికారము చక్రవర్తిదే యని వారి తలంపు. పొరుగు రాజు ఆ పేరును వాడినచో చక్రవర్తి యాధిక్యమును అంగీకరించినట్లే. జపాను ప్రభువులు తమ సొంత పేరును పెట్టుకొనుటచే, తామొకరికి లోబడినవారము కామని చాటినట్లయ్యెను.

క్రీ.శ. 645లో నాకనోఓయె రాకుమారుడును నకతోమి కమతారియు గలిసి, రాజ్యాధికారమును చేజిక్కించుకొనియున్న సోగా వంశపు ఇరుకాను రాజసభలోనే చంపిరి. పిమ్మట సింహాసన మెక్కిన కోతొకు చక్రవర్తి కాలమునకు 'తాయికా' అను పేరిడిరి. మహాపరివర్తన మని దాని యర్థము. 650లో నగాతో సీమనుండి ఫెజంటు అను అడవికోడి జాతి పక్షి, తెల్లనిది, కానుకగా రాగా, శుభశకున మని తలంచి 'హకుచి' అని పేరు మార్చిరి. నిహోన్ షోకి యను ప్రాచీన చరిత్ర యిట్లు చెప్పుచున్నది. అయితే త్రవ్వకములలో దొరకిన 701కి పూర్వపు కొయ్యపలకలపై సాధారణముగా అరువదేండ్ల చక్రపు పేరులే కానవచ్చుచున్నవి. కావున తొలి శకనామము లానాడు ఎంతవరకు వాడుకలో నుండెనో యని పండితులు సందేహింతురు.

701లో సుషిమా ద్వీపమున బంగారము దొరకెనని వార్త వచ్చెను. అందుచే 'తాయిహో', అనగా మహానిధి, యను పేరు పెట్టబడెను. ఆ యేటనే ముగిసిన ధర్మశాసనము సర్కారు పత్రములయందు శకనామమునే వాడవలెనని విధించెను. నాటినుండి నేటివరకు ఈ వరుస తెగలేదు. వింత యేమనగా, ఆ బంగారపు వార్త మోసమని పిదప తేలెను! బంగారము కల్ల యయ్యెను, పేరు మాత్రము నిలిచెను. 708లో ముసాషి సీమయందు రాగి దొరకగా 'వాదో' అను పేరిడి, ఆ పేరుతోనే నాణెములు వేయించిరి.

శుభశకునము కలిగినను, ఉపద్రవము కలిగినను పేరు మార్చుట పూర్వాచారము. 1868లో 'మెయిజి' పేరు పెట్టినప్పుడు, ఒక చక్రవర్తికి ఒకే పేరను నియమ మేర్పడెను. ఇప్పటి 'రెయివా' శకము 2019 మే 1న మొదలైనది.

729లో పెట్టిన 'తెంప్యో' అను పేరు దైవికమగు శాంతిని గోరినది. కాని 735 మొదలు 737 వరకు మశూచి ప్రబలి అసంఖ్యాకులు మరణించిరి. రాజ్యము నేలుచున్న ఫుజివారా సోదరులు నలువురును ఆ తెవులుచేతనే గతించిరి. శకనామము ఒక కాలపు జనులు దేనిని గోరిరో తెలుపును. వారు దేని ననుభవించిరో తెలిసికొనుటకు చరిత్రను చదువవలసినదే.