పరీక్షకూ పరీక్షకూ నడుమ: ఖరగ్‌పూర్ నుండి తామ్రలిప్తి వరకు

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో శరత్కాల సెమిస్టరు మధ్యంతర పరీక్షలు సాధారణంగా సెప్టెంబరులోనూ, తుది పరీక్షలు నవంబరులోనూ జరుగుతాయి. ఈ రెండింటి నడుమ దుర్గాపూజ సెలవులు వస్తాయి. స్వదేశీ విద్యార్థులు హౌరా వైపో, విశాఖపట్నం వైపో రైలెక్కి ఇళ్ళకు చేరుకుంటారు. స్నాతకోత్తర విద్య కోసం దేశాంతరం నుండి వచ్చిన విద్యార్థికి మాత్రం ఆ సౌకర్యం లేదు. అతడు ఖాళీ అయిన వసతిగృహంలో మిగిలిపోతాడు. మన బౌద్ధ అధ్యయన సంస్థలకు వచ్చే విదేశీ భిక్షు విద్యార్థుల స్థితి కూడా ఇంతకు భిన్నం కాదు. పాఠ్యప్రణాళిక పరీక్షలను నిర్ణయిస్తుంది గాని, వాటి నడుమ ఉన్న కాలాన్ని గురించి ఏమీ చెప్పదు.

ఆ కాలానికి ఉన్న విలువను తెలుసుకోవడానికి ఖరగ్‌పూర్ పరిసరాలే తగిన ఆధారాన్నిస్తున్నాయి. ఈ ఊరికి తూర్పున, పాంశ్‌కురా మీదుగా రైలులో చేరుకోదగిన తమ్లుక్ పట్టణమే ప్రాచీన తామ్రలిప్తి. సింహళానికీ, సువర్ణద్వీపానికీ ఓడలు బయలుదేరిన రేవు అది. విదేశీ విద్యార్థులు భారతదేశంలో అడుగుపెట్టినదీ, తిరిగి ఓడ ఎక్కినదీ అక్కడే.

క్రీ.శ. 5వ శతాబ్ది తొలి పాదంలో ఫాహియాన్ ఇక్కడికి వచ్చారు. వినయ గ్రంథాల సేకరణ అనే ఆయన ప్రధాన కార్యం అప్పటికే పాటలీపుత్రంలో నెరవేరింది. అయినప్పటికీ ఆయన వెంటనే ఓడ ఎక్కలేదు. రెండేళ్ళు తామ్రలిప్తిలో ఉండి సూత్రాలకు ప్రతులు వ్రాసుకున్నారు, ప్రతిమల చిత్రాలు గీసుకున్నారు. ఆ పిమ్మట శీతాకాలపు గాలులు అనుకూలించగా వర్తకుల ఓడలో 14 రోజులు ప్రయాణించి సింహళం చేరారు.

ఇత్సింగ్ 673లో చైనా పంచాంగపు రెండవ మాసం ఎనిమిదవ నాడు ఈ రేవులో దిగారు. ఆయన గమ్యం నలందా. అక్కడి ద్వారపండితుల ప్రశ్నలకు తట్టుకోలేక పదిమందిలో ఏడెనిమిది మంది వెనుదిరిగేవారని అంతకుముందే హ్యుయాన్‌త్సాంగ్ వ్రాసి ఉన్నారు. ఇత్సింగ్ తొందరపడలేదు. అక్కడే నివసిస్తున్న మహాయానప్రదీప భిక్షువు సన్నిధిలో ఏడాదిపాటు సంస్కృతాన్ని, శబ్దశాస్త్రాన్ని అభ్యసించారు. చైనా నుండి వచ్చేవారు వ్యాకరణాన్ని ముందుగా నేర్వకపోతే వారి శ్రమ అంతా వ్యర్థమని తరువాత తన గ్రంథంలో హెచ్చరించారు. నేటి విద్యార్థికీ ఇది వర్తిస్తుంది. ఖరగ్‌పూర్ బజారులో వంగభాషతో పాటు హిందీ, రైల్వే పనులకు తరతరాల క్రితం వచ్చి స్థిరపడిన కుటుంబాల తెలుగు కూడా వినబడతాయి. తరగతి గది ఆంగ్లంలో నడిచినా ఊరు ఆంగ్లంలో నడవదు.

అయితే ఇత్సింగ్ నేర్చినది భాష ఒక్కటే కాదు. ఒకనాడు విహారం వెలుపల కౌలు రైతులు కూరగాయలను మూడు భాగాలుగా పంచి, ఒక భాగాన్ని సంఘానికి ఇచ్చి, మిగిలిన రెండింటిని తీసుకొనిపోవడం ఆయన చూశారు. కారణమేమని మహాయానప్రదీపుని అడిగారు. దున్నడంలోనూ, నీరు పెట్టడంలోనూ జీవహింస ఉన్నందున భిక్షువులు స్వయంగా సేద్యం చేయరాదనీ, భూమిని ఇతరులకు విడిచి ఫలంలో కొంత మాత్రమే స్వీకరిస్తారనీ సమాధానం లభించింది. ప్రతి ఉదయం బావి నీటిని పరీక్షించి, అందులో పురుగులుంటే వడగట్టడాన్ని ఆయన గమనించారు. ఎవరైనా ఒక్క కాడ కూర ఇచ్చినా దానిని సంఘం అనుమతితోనే వినియోగించడాన్ని కూడా గమనించి వ్రాసుకున్నారు.

పురావస్తు పరిశోధకులకు ఈ విషయం అత్యంత ముఖ్యమైనది. ఫాహియాన్ తామ్రలిప్తిలో 24 సంఘారామాలను పేర్కొన్నారు, హ్యుయాన్‌త్సాంగ్ సుమారు పదింటిని పేర్కొన్నారు. తమ్లుక్ తవ్వకాల్లో మృణ్మయ ప్రతిమలు, కుండపెంకులు విశేషంగా లభించినా ఆ విహారాలు మాత్రం స్పష్టంగా బయల్పడలేదు. అక్కడి భిక్షువుల నిత్యజీవితాన్ని గురించి మనకు తెలిసినది ప్రధానంగా విదేశీ విద్యార్థులు వ్రాసి ఉంచినదే. వారు ఆ కాలాన్ని నిరీక్షణగా మాత్రమే భావించి ఉంటే ఆ బావి, ఆ మూడు భాగాల కూరగాయలు మనకు దక్కేవి కావు.

తెలుగు నేలకు సంబంధించిన నిదర్శనం కూడా ఇక్కడే మొదలవుతుంది. నలందాలో అధ్యయనం సాగించిన పిమ్మట హ్యుయాన్‌త్సాంగ్ తామ్రలిప్తికి వచ్చి ఓడలో సింహళం వెళ్ళాలనుకున్నారు. సముద్రమార్గం ప్రమాదకరమని, భూమార్గాన దక్షిణానికి పొమ్మని ఒక దక్షిణదేశ భిక్షువు సలహా ఇచ్చారు. ఆ సలహా ననుసరించి ఆయన కళింగ, కోసల, ఆంధ్ర దేశాల మీదుగా ధాన్యకటకం చేరారు. అక్కడ సుభూతి, సూర్యుడు అనే భిక్షువుల వద్ద కొన్ని నెలలు మహాసాంఘిక అభిధర్మాన్ని చదివారు. వారు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలను చదివారు. అనంతరం ఆయన మరల నలందాకు తిరిగివెళ్ళారు. పట్టానికి గాని, పరీక్షకు గాని చెందని ఆ నెలలలో అతిథి శిష్యుడూ అయ్యాడు, ఆచార్యుడూ అయ్యాడు.

నేడు ఖరగ్‌పూర్‌లో సెలవులు గడిపే విద్యార్థికి మరొక అవకాశమున్నది. దక్షిణంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, దాంతన్ సమీపాన మొగల్‌మారి ఉన్నది. 2003-04లో కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యులు అశోక్ దత్తా ఆధ్వర్యంలో ఆరంభమైన తవ్వకాల్లో అక్కడ ఇటుకల విహారం, సున్నపుగచ్చు శిల్పాలు, బౌద్ధ ధర్మ వాక్యంతో కూడిన మట్టి ముద్రలు వెలువడ్డాయి. 2016లో కాంస్య ప్రతిమల నిధి లభించింది. ఒక్క రోజులో వెళ్ళి రాదగిన స్థలమిది.

కావున మన సంస్థలు విదేశీ విద్యార్థులకు విరామకాలంలో మూడు పనులను చూపవలసి ఉన్నది: స్థానిక భాషాభ్యాసం, ఒక గ్రంథానికో శాసనానికో స్వహస్తంతో ప్రతి వ్రాయడం, సమీప క్షేత్రంలో తాను చూసిన దానిని నాటి సాయంత్రమే నమోదు చేయడం. వీటికి మార్కులు అక్కరలేదు. అయితే తెలిసిన ఒకరు వెంట ఉండి ప్రశ్నలకు సమాధానం చెప్పాలి. తామ్రలిప్తిలో ఇత్సింగ్ అడిగిన వెంటనే బదులు చెప్పడానికి మహాయానప్రదీపుడు ఉన్నాడు. మన వసతిగృహంలో సెలవులకు మిగిలిపోయిన విద్యార్థికి ఎవరున్నారో చూసుకోవలసిన బాధ్యత మనది.