కన్నా? చెవియా?

రచ్చబండ కడ నలుగురు కూడినప్పుడు ఒక్కొక్కమారు ఒక వింత ప్రశ్న పుట్టుచుండును: "పంచేంద్రియములలో ఒకదానిని విడువక తప్పదన్నచో, నీవు దేనిని విడుతువు?" ఇది వినోదమునకై అడుగు ప్రశ్నయే. ఐనను దీనికి వచ్చు జవాబులు మన మనస్సులను బయటపెట్టును. కన్నును విడుతునని చెప్పువాడు అరుదు. ఇంద్రియములన్నింటిలో నయనమే ప్రధానమని పెద్దల మాట. ముక్కు పోయిన పోనిమ్మని కొందరు, చెవి పోయినను బ్రతుకవచ్చునని కొందరు అందురు. ఈ జవాబు లెంతవరకు సరియైనవో నేడు కొంత విచారింతము.

ఇట్టి ఎన్నిక నిజముగానే ఎదురైన రాజొకడు భారతమున కలడు. కురుక్షేత్ర యుద్ధమునకు ముందు వ్యాసమహర్షి ధృతరాష్ట్రుని కడకు వచ్చి, యుద్ధము చూడగోరినచో చూపు నిత్తుననెను. పుట్టంధుడైన ఆ రాజు చూపు వలదనెను. జ్ఞాతుల వధను కన్నులార చూడజాలననియు, జరిగినది వినిన చాలుననియు చెప్పెను. అంతట మహర్షి సంజయునకు దివ్యదృష్టి ననుగ్రహించెను. సంజయుడు చెప్పగా రాజు యుద్ధమంతయు వినెను. ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. కన్ను లేనివానికి పరుల కన్ను పనికివచ్చినది. ఏలయన వానికి చెవి యున్నది. చెవి లేనివానికి పరుల చెవి అంత సులభముగా పనికిరాదు. సంజయుడు ఎంత చెప్పినను వినబడవలెను గదా!

ఇది కవికల్పన యనుకొందురేమో. రెండు లోపములను స్వయముగా ననుభవించిన వారి మాట వినుడు. అమెరికా దేశమున అలబామా రాష్ట్రమందు 1880లో జన్మించిన హెలెన్ కెల్లర్ పందొమ్మిది నెలల ప్రాయమున జబ్బుపడి కన్నును చెవిని ఒక్కమారే కోల్పోయెను. 1887లో ఆనీ సల్లివన్ అను ఉపాధ్యాయిని వచ్చి, బాలిక అరచేతిలో వ్రేళ్లతో అక్షరముల గుర్తులు చేసి మాటలు నేర్పెను. ఆ బాలికయే 1904లో కళాశాల పట్టము పొందెను. 1955లో మన దేశమునకును వచ్చెను. ఆమె 1910లో ఒక లేఖలో, గ్రుడ్డితనముకంటె చెవుడే పెద్ద దురదృష్టమని వ్రాసెను. మనుష్య కంఠస్వరమే మనకు భాషను తెచ్చును, ఆలోచనలను కదలించును, పదిమంది జ్ఞానులతో మనలను చేర్చును. చెవుడు దానినే హరించునని ఆమె భావము.

ఐనను లోకము గ్రుడ్డివానిని చూచి జాలిపడును, చెవిటివానిని చూచి నవ్వును. మన సామెతలే ఇందుకు సాక్ష్యము. చెవిటివాని ముందర శంఖమూదినట్లని నవ్వుటయే కాని, ఆ చెవిటివాని బాధ యేమని ఎవరును అడుగరు. కావుననే చెవుడు వచ్చినవాడు దానిని దాచుకొనును. జర్మనీ దేశమున 1770లో పుట్టిన బీథోవెన్ అను మహాసంగీతకర్త ముప్పది యేండ్లు నిండకమునుపే వినికిడి తగ్గుట గుర్తించెను. తాను మనుష్యులను తప్పించుకొని తిరుగుటకు కారణమేమో ఆయన 1802లో తన సోదరుల నుద్దేశించి వ్రాసెను. నేను చెవిటివాడను, గట్టిగా మాటలాడుడని నలుగురిలో చెప్పుటకు నోరు రాలేదని దాని సారాంశము. అంతటి వానికే అంత సిగ్గు! మన ఊరి పెద్దల సంగతి వేరుగ చెప్పనేల?

వార్ధక్యపు చెవుడెట్లు వచ్చునో తెలిసికొందము. చెవిలోపల కర్ణభేరి అను పలుచని పొర కలదు. దాని వెనుక మూడు చిన్న యెముకలు. వాని కావల నత్తగుల్లవలె చుట్టుకొనిన గొట్టము. అందు మిక్కిలి సన్నని నూగు గల కణములు వేలకొలదిగా నుండి ధ్వనిని గ్రహించును. ఇవి ఒకమారు నశించిన మనుష్యులలో మరల పుట్టవు. ముదిమివలనను, పెద్ద చప్పుళ్ల వలనను ముందుగ చెడునవి సన్నని ధ్వనులను పట్టు కణములు. అచ్చులు బరువైన ధ్వనులు గావున చాలకాలము వినబడుచుండును. స, త, క, ప వంటి హల్లుల ధ్వనులు సన్నగిల్లి మాయమగును. అప్పుడు పాలన్నను కాలన్నను తాలన్నను ఒకటియే. "వినబడుచున్నది కాని తెలియుట లేదు" అని ముసలివారనుట అబద్ధము కాదు. అట్టివారికడ కేకలు వేసిన లాభము లేదు. ఎదుట నిలిచి, ముఖము చూపి, నెమ్మదిగా పలుకవలెను.

కంటికి పొర కమ్మినచో మనము దాచుకొనము. 1949లో లండను నగరమున హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు కంటిలో కృత్రిమ కటకమును మొదటిసారి అమర్చెను. నేడు ఆ చికిత్స పల్లెవారికిని అందుచున్నది. పెద్దలు ధైర్యముగా చేయించుకొనుచున్నారు. చెవి విషయమున మాత్రము "వయస్సు వచ్చినది, అంతే" అని ఊరకుందురు. ఈ ఊరకుండుటవలన నష్టము చిన్నది కాదు. గట్టు తగాదాలో పేదరాలు మెల్లగా చెప్పుకొనిన మాట వినబడక, విన్నట్లు తలయూపిన పెద్దమనిషి తీర్పు ధర్మమగునా? మనుమడు ఒకటి చెప్పగా వేరొకటి బదులు పలికి, నవ్వులపాలై, తుదకు మూల కూర్చుండుట మేలా? లాన్సెట్ అను వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము 2020లో వెలువరించిన నివేదికలో, మతి చెడు వ్యాధికి దోహదము చేయు నివార్య కారణములలో వినికిడి లోపము నొకటిగా పేర్కొనెను.

తక్కిన ఇంద్రియములను చులకన చేయరాదు. వంటవాయువునకు సహజముగా వాసన లేదు. అది బయటికి వచ్చినపుడు ముక్కు పసికట్టుటకే దానియందు చెడువాసన కలుపుదురు. మధుమేహముచే పాదముల స్పర్శ పోయినవాడు ముల్లు గ్రుచ్చుకొన్నను ఎరుగడు. ఆ పుండు ముదిరి కాలికే ముప్పు తెచ్చును. నొప్పియు మనలను కాచు కావలివాడే.

కావున పెద్దలారా, మాట మరల అడుగవలసి వచ్చుచున్నదని తోచిన నాడే చెవి వైద్యునకు చూపుడు. ఒక్కొకప్పుడు గుబిలి గట్టిపడుటయే కారణము కావచ్చును. అగ్గిపుల్లలతో కెలుకకుడు; కాగిన నూనె పోయకుడు. వినికిడి యంత్రము అవసరమన్నచో, కంటద్దములు పెట్టుకొనుటకు లేని సిగ్గు దీనికేల? "నాకు సరిగా వినబడలేదు, మరల చెప్పుము" అని సభలో పలుకుటయు పెద్దరికమే.

ధృతరాష్ట్రునకువలె మనకు ఎన్నుకొమ్మని చెప్పువాడెవడును రాడు. కాని ఉపేక్షయు ఒక ఎన్నికయే. అడిగినప్పుడు చెవిని విడువనని చెప్పినవాడును, చెవి తగ్గుచున్నదని తెలిసియు ఊరకున్నచో, దానిని తానే విడిచినవా డగుచున్నాడు.