పేరు చిన్నదైంది

మా బరంపురం సంఘం ఉగాది సభకు వ్యవస్థాపకుల పేర్లతో పవర్‌పాయింట్ స్లైడు నేనే తయారుచేశాను. తెర మీద చూసి ఒక పెద్దావిడ, "మావారి పేరు మాత్రం చిన్నక్షరాల్లో వేశారేం బాబూ?" అన్నారు. లెడ్జరులో పైసా తేడా రానివ్వని నాకు తల కొట్టేసినట్టయింది.

చేసింది ఆటోఫిట్. పేరు పెట్టెలో పట్టకపోతే అక్షరాలను అదే కుదించేస్తుంది. ఇంటిపేరుతో సహా రాస్తే మన పేర్లు పట్టేదెక్కడ! 'డు నాట్ ఆటోఫిట్' పెట్టి, అన్నిటికన్నా పొడవైన పేరుకు సరిపోయేలా పెట్టెలన్నిటికీ ఒకే ఎత్తు, వెడల్పు అంకెల్లో ఇచ్చాను. అక్షరాల సైజూ ఒకటే. ఒక వరుసలోని పెట్టెలన్నీ ఎంచుకుని అలైన్‌లో 'అలైన్ టాప్', 'డిస్ట్రిబ్యూట్ హారిజాంటల్లీ' నొక్కితే వరుసా, ఎడమూ రెండూ కుదిరాయి. (ఇన్నాళ్లూ కంటికొలతతోనే జరిపేవాణ్ణి.)

ప్రింటు తీసి ఆవిడ ఇంటికి పట్టుకెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని ముందు పక్కాయన పేరు చూశారు, తర్వాతే తమవారిది.